స్వభావమును కాళ్లును

సికింద్రాబాదు పింఛనుదారుల ఊరు. 1806లో మూడవ నిజాము సికందర్ జా పేర వెలసిన యీ దండు పట్టణమునకు సైన్యము తొలి నివాసి కాగా, 1874లో రైలుబండి రెండవ నివాసియై వచ్చి చేరెను. తరువాత లాలాగూడ రైలు కర్మాగారమును, 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు ప్రధాన కార్యాలయమును ఇచ్చట నెలకొనుటతో, ఉద్యోగమునకై వచ్చినవారు ఉద్యోగము ముగిసిన పిదప సయితము ఊరు విడువ మనసొప్పక, మారేడుపల్లిలోను, పద్మారావునగరులోను, సీతాఫల్‌మండిలోను, మాజీ సైనికులైనచో సైనిక్‌పురిలోను ఇండ్లు కట్టుకొని నిలిచిపోయిరి. వార్ధక్యమును గూర్చి ఆలోచింపదలచినవానికి ఇంతకంటె అనువైన పట్టణము తెలుగునాట అరుదు. ప్రతి నవంబరు మాసమునను ఇచ్చటి బ్యాంకు శాఖల ముంగిట, తాము జీవించియే యున్నామని ధ్రువపత్రము దాఖలు చేయవచ్చిన వృద్ధులు వరుసలు కట్టుదురు. 2014 నుండి వ్రేలిముద్రతో ఆ పని ఇంటికడనే నెరవేర్చుకొను వీలు కలిగినను, స్వయముగా వచ్చి, గుమాస్తా ఎదుట కూర్చుండి, కాగితము మీద ముద్ర పడుట కన్నులార చూచినగాని తృప్తి చెందనివారు నేటికిని అనేకులు కలరు.

అట్టి శాఖ యొకదానికి నాలుగు మెట్లున్నవనుకొనుడు. పట్టుకొనుటకు ఒక ఇనుప కమ్మి యున్నదనుకొనుడు. డెబ్బదినాలుగేండ్ల వయస్సు గల విశ్రాంతోద్యోగుల నిరువురను ఆ మెట్ల ముందు నిలుపుదము. ఇరువురి మోకాళ్ల ఎక్సురే పటములును ఒక్క తీరుననే యుండును: మృదులాస్థి అరిగి, ఎముకల నడుమ ఎడము సన్నగిలి, అంచుల వెంట ముళ్లవలె ఎముక పెరిగియుండును. మొదటి యాయన కమ్మిని పట్టుకొని, నొప్పి తక్కువగా నున్న కాలు ముందు వేసి, ఒక్కొక్క మెట్టున రెండు పాదములను చేర్చుకొనుచు, నడుమ నొక మూలుగు మూలిగి పైకెక్కి, కౌంటరు కడ కనబడిన పాత సహోద్యోగితో డి.ఏ. బకాయిల ముచ్చట మొదలుపెట్టును. రెండవ యాయన ఆటోలోనే కూర్చుండి, కుమారుని లోనికి పంపి, గుమాస్తానే బయటికి రప్పించుటకు వీలగునేమో కనుగొని రమ్మనును. సర్వే చేయువారు వచ్చి "మెట్లెక్కగలరా అండీ?" అని యడిగినచో మొదటి యాయన "ఆఁ, ఎక్కుతాను" అనును, రెండవ యాయన "నావల్ల కాదు బాబూ" అనును. ఎక్సురే పటములలో లేని భేదము లెక్కల పుస్తకములోనికి ఇట్లు వచ్చి చేరును.

ఎముకల వైద్యులకు ఇది క్రొత్త సంగతి కాదు. పటములో కనబడు అరుగుదలకును రోగి చెప్పుకొను బాధకును పొంతన కుదరకపోవుట వారు నిత్యము చూచుచునే యుందురు. దేహమునందలి లోపమునకును నిత్యజీవితమునందలి అశక్తతకును నడుమ మరికొన్ని విషయములు నిలిచియున్నవి. వానిలో మనిషి స్వభావమున కెంత పాలు కలదో విచారించుటయే యీ అధ్యాయమునకు పని.

అశక్తత యననేమో ముందు తేల్చుకొనవలెను. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ 1963లో తన సహచరులతో కలిసి ఆరు పనుల జాబితా నొకదానిని ప్రకటించెను: స్నానము, వస్త్రధారణ, మరుగుదొడ్డికి పోయి వచ్చుట, పడకనుండి కుర్చీలోనికి మారుట, మలమూత్రములపై అదుపు, భోజనము. ఇందు ఏ పనికి పరుల సాయము కావలసినను, ఆ మేరకు మనిషి అశక్తుడని గణన. 1969లో లాటన్, బ్రోడీ యనువారు దీనికి మరియొక జాబితాను చేర్చిరి. టెలిఫోనులో మాటాడుట, బజారు చేయుట, వంట, ఇల్లు సర్దుకొనుట, బట్టలుతుకుకొనుట, ప్రయాణము, వేళకు మందులు వేసికొనుట, డబ్బు వ్యవహారము అనునవి ఇందు కలవు. మొదటిది ఇంటిలో బ్రదుకుటకు కావలసినది, రెండవది లోకములో బ్రదుకుటకు కావలసినది. మన దేశమున 2017-18లో 45 ఏండ్లు నిండినవారిని, వారి జీవితభాగస్వాములను కలిపి 72,000 మందికి పైగా జనులను పరిశీలించిన జాతీయ వార్ధక్య అధ్యయనమునుబట్టి, అరువదేండ్లు దాటినవారిలో నూటికి 24 మంది మొదటి జాబితాలోని యేదో ఒక పనికిని, నూటికి 48 మంది రెండవ జాబితాలోని యేదో ఒక పనికిని ఇబ్బంది పడుచున్నారు.

ఈ జాబితాలు కుర్చీయు బల్లయు మంచమును అలవాటైన దేశములలో పుట్టినవి. మన ముదుసలికి అసలు పరీక్ష నేలమీద ఎదురగును. బాసిపట్టు వేసికొని కూర్చుండి, చేయి ఊతము లేక పైకి లేచుట. పీటమీద కూర్చుండి సత్యనారాయణ వ్రతము ముగియువరకు కదలకుండుట. పాతకాలపు ఇంటిలోని నేలమట్టపు మరుగుదొడ్డి. ఆర్టీసీ బస్సు మొదటి మెట్టు. లిఫ్టు లేని అపార్టుమెంటులో మూడవ యంతస్తు. నేలపై కూర్చుండలేని యావిడ పెండ్లి పంక్తికి పోవుట మానును. "కుర్చీ వేయించండి" అని నలుగురిలో అడుగుటకు సిగ్గుపడి, క్రమముగా పెండ్లికే పోవుట మానును. కాట్జ్ జాబితాలో ఆమెకు ఆరింటికి ఆరు మార్కులును వచ్చును.

ఇట్లు లోపము వేరు, అశక్తత వేరు అను వివేకమును స్పష్టముగా నిలిపినవారు వెర్‌బ్రుగ, జెట్ అను ఇరువురు అమెరికా పరిశోధకులు. 1994లో వారు చూపిన క్రమమునుబట్టి రోగము అవయవలోపమునకును, లోపము నడచుట వంగుట వంటి క్రియల పరిమితికిని, ఆ పరిమితి అశక్తతకును దారితీయును. కాని ప్రతి మలుపు కడను ఆ ప్రవాహమును త్వరపెట్టునవియు మందగింపజేయునవియు కలవు. చేతికర్ర, కమ్మి, మందు, ఇంటివారు బయటనుండి పనిచేయునవి. అలవాటు, ధైర్యము, పట్టుదల లోపలనుండి పనిచేయునవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001లో వెలువరించిన వర్గీకరణము కూడ వ్యక్తిగత కారణములకు స్థానమిచ్చెను.

స్వభావమును కొలుచుట ఎట్లు? మన పెద్దలు సత్త్వరజస్తమో గుణములని మూడుగాను, ఆయుర్వేదజ్ఞులు వాత పిత్త కఫ ప్రకృతులని మరియొక విధమున మూడుగాను విభజించిరి. పాశ్చాత్య మనస్తత్త్వశాస్త్రజ్ఞులు నిఘంటువునే గనిగా త్రవ్విరి. 1936లో ఆల్‌పోర్ట్, ఓడ్‌బర్ట్ అనువారు ఆంగ్ల నిఘంటువునుండి మనుష్యుల భేదములను తెలుపు పదములను 17,953 ఏరగా, తరువాతివారు గణితసహాయముతో వానిని కుదించి కుదించి అయిదు గుణములకు దింపిరి: చిన్న విషయమునకే కలతపడు వ్యాకులత, జనసాంగత్యమున ఉత్సాహము పొందు బహిర్ముఖత, క్రొత్తదనమునందలి ఆసక్తి, ఇతరులతో ఒదిగిపోవు సౌమ్యత, పని వేళకు పద్ధతిగా చేయు నియమశీలత. ఇవి మనుష్యులను అయిదు జాతులుగా విభజింపవు. ప్రతివానియందును అయిదును ఉండును, పాళ్లు వేరు. గుణత్రయమునకు అలవాటుపడిన మనకు ఇది ఏమంత వింతగా తోచదు.

ఈ అయిదింటిలో వార్ధక్యమున కాళ్లపై అన్నిటికంటె స్పష్టముగా జాడ విడుచునది వ్యాకులత. దీనిని చక్కగా బయటపెట్టిన పరిశీలన ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున జరిగినది. 2010లో డెల్‌బేర్ అను పరిశోధకురాలును ఆమె సహచరులును దానిని ప్రకటించిరి. డెబ్బది మొదలు తొంబదియేండ్ల వరకు వయస్సు గల 500 మందిని వారు రెండు విధముల కొలిచిరి. మొదటిది దేహమును కొలుచుట: చూపు, కాళ్లు ఎచ్చట నున్నవో తెలియు జ్ఞానము, తొడకండరముల బలము, ప్రతిస్పందన వేగము, నిలుచున్నప్పుడు ఒడలి ఊగు. వీనినిబట్టి ఆ మనిషి పడిపోవు అవకాశమెంతయో లెక్కకట్టవచ్చును. రెండవది మనస్సును కొలుచుట: పడిపోవుదునను భయము ఆ మనిషి కెంత? ఒక సంవత్సరము కాలము వారిని వెంబడించి ఎవరు పడిరో, ఎవరు పడలేదో వ్రాసికొనిరి.

నూటికి 29 మందికి అపాయమును తక్కువ, భయమును తక్కువ. నూటికి 40 మందికి అపాయమును ఎక్కువ, భయమును ఎక్కువ. వీరిలో విశేషమేమియు లేదు. దేహస్థితి ఎట్టిదో వారికి తెలిసియున్నది. మిగిలిన రెండు వర్గములే ఆ పరిశీలనకు ప్రాణము. నూటికి 11 మంది కాళ్లు గట్టివియే, కాని భయము మాత్రము అధికము, వీరిని శంకితులందము. వీరియందు వ్యాకులస్వభావమును, దిగులును హెచ్చుగా కనబడెను. మరి నూటికి 20 మందికి దేహము నిజముగానే బలహీనము, పడిపోవు అవకాశము మెండు, అయినను భయము లేదు. వైద్యుడు వీరిని చూచి "తెలివిమాలిన ధైర్యము, త్వరలోనే తుంటి విరుగును" అని తల పంకించుట సహజము. కాని లెక్కలు వేరుగా చెప్పెను. ఈ ధీరులకు ఆ నిర్భయత యెంతో కొంత రక్షణయే యయ్యెను. జీవితముపై ఆశాభావము కలిగి, నడక మానక, నలుగురిలో తిరుగుట మానక యుండుటచేతనే ఆ రక్షణ లభించినదని పరిశోధకులు తేల్చిరి.

భయము కాళ్లను ఎట్లు పట్టుకొనునో కొంచెము వివరింపవలెను, ఏలన ఇందు మాయ యేమియు లేదు. పడుదునను భయముగలవాడు చీలమండలను, మోకాళ్లను బిగబట్టి, అడుగులు కురుచ చేసి, చూపు నేలపైననే నిలిపి నడచును. బిగిసిన కాలు ఆకస్మికముగా తగిలిన రాతికి తగినట్లు వంగజాలదు. భయము మరింత పెరిగినచో ఆతడు బయటికి పోవుటయే తగ్గించును. పాలప్యాకెట్టుకు మనుమడు, గుడికి కోడలు, మందులకు ఫోను. వార్ధక్యమున కండరము వాడనిచో ఆశ్చర్యకరమగు వేగమున కరుగును: 2007లో వెలువడిన యొక పరిశీలనయందు, అరువది దాటిన ఆరోగ్యవంతులను పది దినములు మంచముపై ఉంచగా, కాళ్లనుండి సుమారు ఒక కిలో కండరము తరిగిపోయినట్లు తేలెను, మోకాలిని చాచు బలము ఆరవ వంతు మేర క్షీణించెను. ఇల్లు కదలని ముసలివాడు మంచము పట్టినవాడు కాడు గాని ఆ త్రోవలోనే యున్నాడు. ఆరు నెలలు గడచిన పిదప ఆతడు నిజముగానే మెట్లెక్కలేడు. అప్పుడు ఇంటివారు "పాపం, ఆయన ముందే చెప్పారు" అందురు.

ఇక నియమశీలత. దీని కథ 1921లో కాలిఫోర్నియాలో మొదలగును. టెర్మన్ అను మనస్తత్త్వశాస్త్రజ్ఞుడు మేధావులైన బాలబాలికలను పదిహేనువందల మందికి పైగా ఎంచి, వారి గుణములను తల్లిదండ్రుల చేతను ఉపాధ్యాయుల చేతను వ్రాయించి యుంచెను. ఆతడు పోయిన చాలకాలమునకు, 1993లో, ఫ్రీడ్‌మన్ బృందమువారు ఆ బిడ్డలలో ఎవరెంతకాలము జీవించిరో చూడగా, నియమశీలురగు పిల్లలు దీర్ఘకాలము జీవించిరనియు, నవ్వుచు త్రుళ్లుచు నుండు పిల్లలు అంతకాలము జీవింపలేదనియు తేలెను. 2004లో బాగ్, రాబర్ట్స్ అనువారు 194 పరిశీలనలను ఒకచోట చేర్చి చూడగా, నియమశీలురు పొగాకు, మద్యము, అతిభోజనము, దుడుకు వాహనచోదనము మున్నగువానియందు తక్కువగా చిక్కుకొందురని స్పష్టపడెను. ముప్పదియేండ్ల వయస్సున చేసిన పనులకు డెబ్బదవ యేట మోకాలును, గుండెయు, ధమనులును లెక్క చెప్పవలసివచ్చును. ఇందు స్వభావము కండరమును ముట్టదు, బీడీని ముట్టనీయదు, అంతే. 2007లో అమెరికాలోని సన్యాసినులను, మతగురువులను 997 మందిని పరిశీలించి విల్సన్ బృందమువారు ప్రకటించిన ఫలితము మరింత వింత గొల్పును: నియమశీలతలో మిక్కిలి పై మెట్టున నున్నవారికి, క్రింది మెట్టున నున్నవారికంటె అల్‌జైమర్ వ్యాధి వచ్చు అవకాశము నూటికి 89 పాళ్లు తక్కువ. మరణించినవారి మెదళ్లను పరీక్షించినప్పుడు వ్యాధిచిహ్నములలో మాత్రము అంతటి భేదము కానరాలేదు. లోపము ఉండియు అశక్తత రాకుండుట మోకాలి కొక్కదానికే పరిమితము కాదని దీనివలన తెలియుచున్నది.

సికింద్రాబాదులో ఈ గుణమునకు కొదువ లేదు. నలువదియేండ్లు గార్డుగానో, స్టేషను మాస్టరుగానో నిమిషములు లెక్కించి బ్రదికినవారు విశ్రాంతి పొందిన పిదప సయితము ఉదయము అయిదు గంటలకు లేచి, పార్కులో చుట్లు లెక్కించి, రక్తపుపోటు మాత్ర వేసికొన్న తేదీని కేలండరుపై పెన్నుతో గుర్తించుదురు. ఉద్యోగము ఈ గుణమును నేర్పెనో, ఈ గుణము గలవారే ఆ ఉద్యోగమున నిలిచిరో విడదీసి చెప్పుట కష్టము. నాకు తోచినంతలో ఇందొక చిక్కు కూడ కలదు. నియమమే ప్రాణముగా బ్రదికినవానికి పక్షవాతమో, తుంటి విరుగుటయో వచ్చి ఆ నియమము తప్పినచో, "నాలుగు చుట్లు తిరగలేనివాడు రెండు చుట్లు తిరిగి ప్రయోజనమేమి" అని అసలే మానివేయువాడు వీరిలోనే కనబడును.

సంతోషస్వభావమునకు మాత్రము విలువ లేదా? ఉన్నది. ఆస్టిర్ మున్నగు పరిశోధకులు 2000లో ప్రకటించిన పరిశీలనయందు, అమెరికా నైరుతి రాష్ట్రములలో నివసించు మెక్సికన్ సంతతికి చెందిన వృద్ధులలో, ఉల్లాసము మెండుగా గలవారు రెండేండ్లలో అశక్తులగు అవకాశము, అది లేనివారితో పోల్చగా, సుమారు సగమే. రోగములను లెక్కలోనికి తీసికొనిన పిమ్మట సయితము ఆ భేదము నిలిచెను. బాల్యమున త్రుళ్లుట వేరు, వార్ధక్యమున ప్రసన్నముగా నుండుట వేరు అని సరిపెట్టుకొనవలెనేమో.

ఇంతవరకు స్వభావము ఒంటరిగా పనిచేయునట్లు చెప్పితిని. మన ఇండ్లలో అది ఒంటరిగా నుండదు. మంచినీళ్లకై మామగారు కుర్చీ చేతులపై బరువు మోపి లేవబోవుచుండగనే కోడలు వంటింటినుండి "మామయ్యగారూ, మీరు లేవకండి, నేను తెస్తున్నాను" అనును. ఆయన తిరిగి కూర్చుండును. దినమునకు పదిసార్లు ఈ దృశ్యము జరిగినచో, దినమునకు పదిసార్లు ఆ తొడకండరములు చేయవలసిన పని చేయకుండ పోయినది. కోడలిని తప్పుపట్టుట అన్యాయము. ఆమె లేవనిచ్చినచో చూడవచ్చిన ఆడబిడ్డ ఏమనునో ఆమెకు తెలియును. జర్మనీలో మార్గ్రెట్ బాల్టెస్ అను విదుషి వృద్ధాశ్రమములలో ఏండ్ల తరబడి ఇట్టి సన్నివేశములను కనిపెట్టి వ్రాసెను. వృద్ధుడు "చొక్కా తొడుగుకొనలేను" అన్నవెంటనే పరిచారిక వచ్చి, తొడిగి, నాలుగు మాటలాడి పోవును; తనంతట తానే తొడుగుకొన్నవానిని ఎవరును పలుకరింపరు. అశక్తతకు పలుకరింపు ప్రతిఫలము, శక్తికి ఏకాంతము ప్రతిఫలము. ఇట్టి చోట ఇతరుల మాట కాదనలేని సౌమ్యస్వభావుడు త్వరగా పరాధీనుడగుటయు, "నా పని నేను చేసుకుంటాను, అడ్డు లెండి" అని కసరు మొండివాడు కాళ్లు నిలుపుకొనుటయు అసంభవము కాదు.

అయితే సౌమ్యునికి మరియొక చోట ప్రతిఫలము దక్కును. బాయ్స్, వుడ్ అనువారు 2011లో, జర్మనీలో ఏటేట జరుగు జనజీవన పరిశీలనమునుండి, అశక్తతకు లోనైన మూడువందల మందికి పైగా వ్యక్తులను ఎంచి, అశక్తతకు ముందే కొలిచియుంచిన వారి స్వభావమును, తరువాతి సంవత్సరములలోని వారి జీవితసంతృప్తిని సరిపోల్చిరి. ధైర్యవంతుడు త్వరగా తేరుకొనునని మనమనుకొందుము. కాని తిరిగి తేరుకొనుటయందు భేదము చూపినది సౌమ్యత యొక్కటియే. సాయమడుగుట నామోషీ యనుకొననివానికి, చేయి అందించిన వారిపై కసరనివానికి మిత్రులు మిగులుదురు కాబోలు.

విశాఖపట్టణపు భౌతికశాస్త్రాచార్యురాలు చిలుకూరి శాంతమ్మను ఇచ్చట స్మరింపవలసియున్నది. 1929లో మచిలీపట్టణమున జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున బోధించి, 1989లో అరువదవ యేట పదవీవిరమణ చేసిన యీమె బోధన మాత్రము విరమింపలేదు. 2022లో పత్రికలు ఈమెను గూర్చి వ్రాయునాటికి తొంబదిమూడేండ్లు. రెండు మోకాళ్లకును శస్త్రచికిత్స జరిగినది. నడక ఊతకర్రల మీదనే. అయినను విశాఖనుండి అరువది కిలోమీటర్లకు పైబడిన దూరము పోయి విజయనగరములోని సెంచూరియన్ విశ్వవిద్యాలయమున విద్యార్థులకు పాఠము చెప్పుచుండెను. ఎక్సురే పటము చూచువాడు ఈమెను ఏ వర్గమున చేర్చును? ఆమె నియమనిష్ఠ అసాధారణమనుటలో సందేహము లేదు. కాని తొంబదేండ్ల ఊతకర్రలకు తరగతి గది తలుపు తెరచిన విశ్వవిద్యాలయ మొకటి యుండెననుట మరువరాదు. అదే నిష్ఠ గల ఎందరు ఉపాధ్యాయులు అరువదవ యేట దండలు వేయించుకొని ఇంట కూర్చుండిరో!

పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతోగాని పోదని మనవారి సామెత. శాస్త్రము దీనిని పూర్తిగా ఒప్పుకొనదు. స్కాట్లండులో పదునాలుగవ యేట ఉపాధ్యాయులచే కొలువబడిన పిల్లలను, డెబ్బదియేడవ యేట మరల వెదకి కొలువగా, అప్పటి గుణములకును ఇప్పటి గుణములకును పొంతన మిక్కిలి స్వల్పమని 2016లో ప్రకటితమయ్యెను. అరువదిమూడేండ్ల జీవితము మనిషిని మలచుచునే యుండును. రోగము కూడ మలచును: జోకెలా యను ఫిన్లండు పరిశోధకుడు 2014లో నాలుగు దీర్ఘపరిశీలనలను కలిపి చూడగా, మధుమేహము, హృద్రోగము, పక్షవాతము వంటి దీర్ఘవ్యాధులు వచ్చిన పిదప మనుష్యులలో బహిర్ముఖత, నియమశీలత, మనోనిబ్బరము కొంత తగ్గుచున్నట్లు కనబడెను. కావున "మా అత్తగారు పిరికివారు, అందుకే మంచం పట్టారు" అను కోడలి తీర్పులో కారణమును కార్యమును తారుమారగుట సంభవము. మంచము పట్టుటవలననే పిరికితనము వచ్చియుండవచ్చును. మంచి మాట యేమనగా, చికిత్సచేతను స్వభావము కొంత మారును. రాబర్ట్స్ బృందమువారు 2017లో 207 పరిశీలనలను సమీక్షించి, మానసిక చికిత్స వలన అన్నిటికంటె ఎక్కువగా మారునది వ్యాకులతయే యని చూపిరి.

ఇంక హద్దులు. సికింద్రాబాదు బేగంపేటలోనే 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ జఠరకుడ్యమున మలేరియా పరాన్నజీవిని కనుగొనెను. అచ్చట ఒక రోగము, ఒక బీజము, దానిని మోయు ఒక దోమ. స్వభావము అట్టి కారణము కాదు. వయస్సు, మధుమేహము, స్థూలకాయము, దారిద్ర్యము అను పెద్ద కారణముల సరసన దాని బలము చిన్నది. నిత్యము పనిచేయుటచేత మాత్రమే లెక్కకు వచ్చునది. మరియు ఆ అయిదు గుణముల చట్రము మానవజాతి కంతటికిని సరిపోవుననుటయు సందేహాస్పదమే: బొలీవియా అడవులలోని సిమానే జాతివారిని 632 మందిని పరిశీలించిన గర్వెన్ బృందమునకు 2013లో ఆ అయిదును విడివిడిగా కనబడనేలేదు. మనలో సయితము ప్రశ్నాపత్రము చేతికిచ్చి "మీరు పార్టీలలో ఉత్సాహముగా నుందురా?" అని యడిగినచో, పార్టీ యనగా ఏ పార్టీ యని అడుగు పెద్దలున్నారు.

మోండా మార్కెట్టులో గోనెపట్టాపై కూర్చుండి కొత్తిమీర కట్టలు విప్పి నీళ్లు చల్లుచున్న వృద్ధురాలిని చూడుడు. ఆమె మోకాళ్లు కూడ అరిగియే యున్నవి. బేరము లేనప్పుడు కాలు చాచుకొని, అరచేతితో మోకాటిచిప్పను ఒత్తుకొని, గిరాకీ రాగానే ముడుచుకొనును. పడిపోవుదునను భయము ఆమెకును ఉండవచ్చును. కాని ఇంట కూర్చుండుటకు ఆ భయము చాలదు, ప్రభుత్వమిచ్చు వృద్ధాప్య పింఛనును చాలదు. స్వభావము తన యిష్టము చెల్లించుకొనుటకు కొంత తీరిక, కొంత ఆదాయము కావలెను. సన్యాసినులను, మేధావిబాలకులను, పింఛనుదారులను పరిశీలించి చేసిన శాస్త్రమును ఈమెకు అన్వయించునపుడు చేయి వణకవలెను. అట్లే కాలిబాట మీద స్కూటర్లు నిలిపి, దుకాణపు మెట్లు రోడ్డుమీదికి దించి, కమ్మి లేని కార్యాలయములు కట్టి, వాటిని ఎక్కలేని ముసలివానితో "ధైర్యం తెచ్చుకోండి తాతగారూ" అనుట పరిహాసము.

అయినను వైద్యశాలలో ఈ జ్ఞానమునకు ఉపయోగము కలదు, దానికి పెద్ద యంత్రములును అక్కరలేదు. గురాల్నిక్ అను అమెరికా వైద్యుడును అతని సహచరులును 1994లో ఏర్పరచిన పరీక్షలో ఒక భాగమేమనగా, చేతులు రొమ్ముపై కట్టుకొని కుర్చీనుండి అయిదుసార్లు లేచి కూర్చుండుట. ఎన్ని సెకండ్లు పట్టెనో చూచుకొనుట. ఇప్పుడు అశక్తుడు కానివాడు రాబోవు సంవత్సరములలో అగునో కాడో ఇట్టి పరీక్షలనుబట్టి కొంత చెప్పవచ్చునని 1995లో తేలినది. భోజనబల్ల కడ నుండు గట్టి కుర్చీ చాలును. గోడ కానించి, ప్రక్కన ఒకరు నిలుచుండవలెను. అది ముగిసిన పిమ్మట వేరుగా అడుగవలసిన ప్రశ్న, సిడ్నీవారు అడిగినదే, మన ఊరి మాటలలో: బస్సు దిగునపుడు భయమగునా? తడిసిన స్నానాలగదిలో? బోనాల జాతర రద్దీలో మహంకాళి గుడి వీధిని నడచునపుడు? కుర్చీ పరీక్షలో తడబడియు "భయమెందుకు?" అన్న పెద్దాయనకు ఉపదేశము వలదు, స్నానాలగదిలో కమ్మి బిగించి, రాత్రి దీపము పెట్టి, ఆయన నడకను ఆయనకు వదలవలెను. అయిదుసార్లు చకచక లేచి కూర్చుండియు బస్సు పేరు చెప్పగానే అరచేతులు చెమర్చు పెద్దావిడకు కాల్షియము మాత్రలతో పని లేదు. ఆమెతో కూడ ఫిజియోథెరపీ చేయువారో, ఇంటిలో ఓర్పుగల మనుమరాలో వచ్చి, మొదటి వారము నిలిచియున్న ఖాళీ బస్సు మెట్టు ఎక్కించి దింపి, రెండవ వారము మధ్యాహ్నపు వేళ జనములేని బస్సులో ఒక స్టాపు దూరము తీసికొనిపోయి, మూడవ వారము తాము క్రిందనే నిలిచి ఆమెను ఒక్కతెను ఎక్కింపవలెను.